కేబులు చుట్టలో దాగిన వేడి

దక్షిణ అండమాన్‌లోని ఆస్టినాబాద్‌లో ఈ పాఠం చదువుతున్నవారు ఒక్కసారి తూర్పున ఉన్న అండమాన్ సముద్రాన్ని తలచుకోండి. విద్యుత్ నిరోధంతో ఉష్ణోగ్రతను కొలిచే పద్ధతికీ ఆ సముద్రానికీ సంబంధం ఉంది.

లోహపు తీగ వేడెక్కే కొద్దీ విద్యుత్ ప్రవాహానికి ఎక్కువ అడ్డు చెబుతుందని హంఫ్రీ డేవీ 1821లో చూపాడు. తంతి ఇంజనీర్లకు ఇదొక తలనొప్పి. కేబులు నిరోధాన్ని కొలిచిన ప్రతిసారీ ఉష్ణోగ్రతను బట్టి లెక్క సవరించుకోవలసి వచ్చేది.

1860లో రంగూన్-సింగపూర్ మధ్య, అంటే అండమాన్ సముద్రం మీదుగా వేయదలచిన కేబులును ఓడలో చుట్టలు చుట్టలుగా పేర్చారు. తడిసిన ఇనుప తీగలు తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి గట్టాపర్చా తొడుగు మెత్తబడితే కేబులు పాడైనట్టే. కానీ అంత పెద్ద చుట్ట నడుమ పాదరస ఉష్ణమాపకం పెడితే దాన్ని చదివేదెలా? విలియం సీమెన్స్ రాగితీగ చుట్టలను కేబులు పొరల మధ్య ఉంచి, వాటి నిరోధాన్ని బయటినుంచే కొలిచాడు. లోపల వేడి పెరుగుతున్న సంగతి బయటపడింది. కేబులు దక్కింది, చివరకు 1861లో మాల్టా-అలెగ్జాండ్రియా మధ్య వేశారు. నిన్నటి తలనొప్పే నేటి కొలత సాధనమైంది!

1871లో సీమెన్స్ ప్లాటినం తీగను సూచించాడు. అయితే కొలిమి వేడికి గురైన తరువాత దాని నిరోధం మునుపటి విలువకు తిరిగి రాలేదు. శుద్ధమైన ప్లాటినాన్ని ఇతర పదార్థాలు, వాయువులు సోకకుండా కాపాడితే అది నమ్మదగినదేనని 1887లో హ్యూ కాలెండర్ నిరూపించాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నేడు వాడుకలో ఉన్న పీటీ100 సెన్సరు నిరోధం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 ఓమ్‌లు, 100 డిగ్రీల వద్ద సుమారు 138.5 ఓమ్‌లు. అంటే సగటున డిగ్రీకి 0.385 ఓమ్. కలిపిన తీగల నిరోధం అంత మేరకు లెక్కలో చేరినా ఒక డిగ్రీ తప్పు వస్తుంది. అందుకే తీగల నిరోధాన్ని తీసివేయడానికి మూడు లేదా నాలుగు తీగల అమరిక వాడతారు.

ఒక డిగ్రీ ఏపాటిది అంటారా? 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడపు దిబ్బలు తెల్లబడ్డాయి. మామూలు వేసవి ఉష్ణోగ్రత కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే పగడాలకు ముప్పే. కంటికి కనబడని చోటి వేడిని తెలుసుకోవడం ఎంత అవసరమో, ఆ అంకె నమ్మదగినదై ఉండడం కూడా అంతే అవసరమని గుర్తుంచుకోండి.