దారుభూషణములు: మన గృహవృత్తి



మన సంఘమున దారుశిల్పియు స్వర్ణకారుడును ఏకకులస్థులు. అయినను కంసాలి చేసినదే నగ యనియు, వడ్రంగి చేయునది నాగలి మాత్రమే యనియు మనలోనే యొక భేదబుద్ధి కలదు. మాటల పుట్టుకను విచారించినచో ఈ భేదము నిలువదు. చెవినగకు మనము వాడు 'కమ్మ' యను పదమునకు తాటియాకని కూడ నర్థము. చుట్టిన తాటాకు చెవి నలంకరించిన కాలము కలదు. బంగారము వచ్చి ఆ పేరునే గ్రహించినది. సుశ్రుతసంహిత సూత్రస్థానము 16వ యధ్యాయమున కర్ణవ్యధయు, రంధ్రమును క్రమముగా పెంచు వర్ధనకమును చెప్పబడినవి. చెవి కుట్టిన పిమ్మట వేపపుల్ల నుంచుట పల్లెవారెల్ల నెరిగినదే.

మా బోథునకు చేరువనున్న నిర్మలలో నకాషీలు తేలికయైన పొనికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురున రంపపుపొట్టు కలిపి అతుకులు పూడ్చి, రంగులు వేయుదురు. 1955లో వారికి సహకార సంఘ మేర్పడినది. విశాఖసీమలోని ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తిరుగుడుయంత్రమున త్రిప్పుచు లక్కబిళ్ల నద్దుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. మొగలియాకుతో మెఱుగు దిద్దుదురు. అచ్చట బొమ్మలే గాక గాజులు, పూసలును చేయుదురు. 2017లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. లక్కపురుగు వసించు మోదుగ మన యడవులందును కొల్లలుగా కలదు.

ఇక మా యింటి మాట. 1972లో వానలు లేక పంటలు పోయెను. మా అక్కగారి వివాహమునకు ముందే ఇంటి బంగారము తాకట్టున బడినది. మా తండ్రిగారు మిగిలిన టేకుముక్కలను ఉలితో చెక్కి, బరమాతో తొలిచి, బరింకాకుతో రుద్ది, నూనె పట్టించి, ఒక జత కమ్మలును పూసలదండయు చేసిరి. మగపెండ్లివారు, స్వకులస్థులే, చూచి నవ్విరి. అక్క కంట నీరు పెట్టగా తండ్రిగారు, "బంగారమైతే తాకట్టు వడ్తది. కట్టెను తాకట్టు ఎవడు వట్టుకుంటడు బిడ్డా?" అనిరి.

బాలుడనైన నేను ఆనాడు సిగ్గుపడితిని. ఆ సిగ్గుచేతనే శబ్దమంజరి పట్టితిని గాని ఉలి పట్టనైతిని. తాకట్టు నగలు తిరిగి రాలేదు. కఱ్ఱకమ్మలు నేటికిని అక్కగారి పెట్టెలో నున్నవి. వానిని చేయు నేర్పు మాత్రము తండ్రిగారితోనే పోయినది. సంస్కృతమును వందలాది బాలురకు నేర్పితిని. ఇంటి విద్యను ఒక్కనికైన నేర్పజాలనైతిని.

కావున నా విన్నపము రెండు మాటలు. పొనికి కఱ్ఱ కొరవడుట నిర్మల పనివారి ప్రధానమైన బాధ. చేను గట్టునను, పెరటను చోటున్నవారు ఆ మొక్కలు నాటవలెను. చేయి తిరిగిన వృద్ధు లున్న యిండ్లవారు వారు జీవించియుండగనే ఆ పనిని బిడ్డలకు, ముఖ్యముగా ఆడుబిడ్డలకు, చూపింపవలెను. గ్రంథము పోయిన మఱొక ప్రతి దొరకవచ్చును. చేతిలోని విద్య పోయిన ప్రతి లేదు.