బూడిదనుండి వచ్చిన మందు

పొటాసియమను పేరు వినినంతనే మనవారు అదేదో సీమవస్తువని తలంతురు. కాని మా రోలుగుంటలో కట్టెపొయ్యి వెలిగిన ప్రతి యింటను అది యుండినదే. కట్టెబూడిదను నీట కలిపి, తేర్చి, ఆ తేటను కాచి ఇగిర్చినచో మిగులు క్షారములో ముఖ్యమైనది పొటాసియపు లవణమే. ఆంగ్లమున కుండకును బూడిదకును గల మాటలు రెండు కూడి యీ పేరు పుట్టినది. 1807వ సంవత్సరమున హంఫ్రీ డేవీ అను ఆంగ్లేయుడు పొటాషు క్షారమునుండి విద్యుచ్ఛక్తిచే ఈ లోహమును వేరుచేసెను.

మన వైద్యులకు క్షారము క్రొత్త కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున క్షారపాకమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. నాకు మాత్రము చరకుని మాట మిక్కిలి మెచ్చదగినదిగా తోచును. పిప్పలి, క్షారము, లవణము అను మూటిని అతిగా వాడరాదని విమానస్థానమున హెచ్చరిక యున్నది. దీనిని పట్టుకొని, పొటాసియమును చరకుడే కనుగొనెననుట అతిశయోక్తి యగును.

గుండెకును దీనికిని గల సంబంధమును చూపినవాడు లండను వైద్యుడు సిడ్నీ రింగరు. 1882, 83 సంవత్సరములలో ఆయన కప్పగుండెను వేరుచేసి ఉప్పునీటితో పరీక్షించెను. సున్నపు లవణమును, పొటాసియపు లవణమును తగుపాళ్ల చేరినపుడే అది చక్కగా కొట్టుకొనెను. పొటాసియము మితిమీరగనే ఆగిపోయెను. తగ్గినను ముప్పే, హెచ్చినను ముప్పే.

అంతకు పూర్వమే, 1832లో, స్కాట్లండున థామస్ లాటా కలరా రోగుల నరములలోనికి ఉప్పునీరెక్కించెను. అందు పొటాసియము లేదు. విరేచనములతో పొటాసియమును పోవునని చూపి, 1940వ దశకమున శిశువుల చికిత్సలో దానిని చేర్చినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు డానియల్ డారో. నేటి ఓఆర్‌ఎస్ పొట్లములో లీటరు నీటికి 1.5 గ్రాముల పొటాసియం క్లోరైడు కలదు.

1958 ప్రాంతమున మూత్రమును హెచ్చించు క్లోరోథయజైడు మాత్రలు రక్తపుపోటునకు వాడుకలోనికి వచ్చెను. నీటితో పొటాసియమును పోజొచ్చెను. దానిని పూరించుటకు, ప్రేగులలో కరగునట్లు పూత పూసిన మాత్రలు చేసిరి. అవి చిన్నప్రేగులలో పుండ్లు కలిగించుచున్నవని 1964లో వైద్యులు ప్రకటించిరి. ఉప్పు ఒకేచోట గాఢముగా కరగుటయే కారణము. అందుచేతనే ద్రవరూపపు మందును నీట బాగుగ కలిపి, భోజనానంతరము మెల్లగా త్రాగుమందురు. నెమ్మదిగా కరగు మాత్రను నమలక, నూరక, నిటారుగా కూర్చుండి గ్లాసెడు నీటితో మ్రింగుమందురు.

మన యీడువారిలో రక్తపుపోటు మాత్రలు వాడువారు పెక్కురు. నీరసము, పిక్కలు పట్టుట, గుండెదడ కలిగినంతనే పొరుగువాని సీసా తెచ్చి త్రాగుట ప్రమాదము. రక్తములో లీటరునకు 3.5 మొదలు 5 మిల్లీమోలుల వరకు సాధారణము. పరీక్షింపక హెచ్చుతగ్గులు తెలియవు. మూత్రపిండములు చెడినవారికిని, స్పైరొనోలాక్టోను, ఎనలాప్రిలు, టెల్మిసార్టాను వంటివి వాడువారికిని పొటాసియము బయటికి పోక నిలువవచ్చును. అట్టివారు కొబ్బరినీరు సైతము వైద్యుని అడిగియే త్రాగవలెను. తక్కువ సోడియపు ఉప్పని అంగళ్లలో అమ్ముదానిలోను తరచుగా పొటాసియమే కలసియుండును. నరములోనికెక్కించు పొటాసియమును మాత్రము ఆసుపత్రిలోనే, పలుచన చేసి, మెల్లగా ఎక్కింపవలెను.

మందు మొదలిడిన పిమ్మట వైద్యుడు చెప్పిన గడువునకు మరల రక్తపరీక్ష చేయించుకొనవలెను. నర్సీపట్నము పోయివచ్చు శ్రమకు జడిసి దీనిని మానుట తగదు. మెగ్నీషియము తగ్గియున్నచో పొటాసియము ఎంత పుచ్చుకొనినను నిలువదు గనుక, పనిలో పనిగా దానినికూడ చూడుమని వైద్యుని అడుగవచ్చును.