వరద పెంచిన బెరడు

1805 జూన్‌లో లూయిస్, క్లార్క్‌ల అన్వేషక బృందానికి మిస్సోరి నది దారి మూసేసింది. ఇప్పటి మాంటనా రాష్ట్రంలో, ఒకదాని వెంట ఒకటిగా జలపాతాలు. పడవల్ని నేల మీద దాదాపు 18 మైళ్లు లాక్కుపోవాలి. అందుకు బండ్లు కావాలి, బండ్లకు చక్రాలు కావాలి. చెట్లే అరుదైన ఆ మైదానంలో 22 అంగుళాల చక్రాలు కోయడానికి సరిపోయే కాటన్‌వుడ్ మాను ఒక్కటి దొరికింది. చుట్టుపక్కల 20 మైళ్లలో ఇంత లావున, పుచ్చు లేనిది మరొకటి ఉండదని లూయిస్ తన దినచర్యలో రాసుకున్నాడు.

నిజానికి వడ్రంగులు ఇష్టపడే చెట్టు కాదది. పాప్లర్ జాతికి చెందిన ఈ చెట్టు నది ఒడ్డున చకచకా పెరుగుతుంది. వేసవి మొదట్లో దూది పింజల్లాంటి విత్తనాలను గాలికి వదులుతుంది. కలప మాత్రం ఆరేకొద్దీ మెలితిరుగుతుంది, తడి తగిలితే త్వరగా కుళ్లుతుంది. అయినా గడ్డి మైదానాల్లో నది పక్కన నీడనిచ్చే పెద్ద చెట్టు చాలాచోట్ల అదే కాబట్టి జనం దాన్నే అన్నిటికీ వాడుకున్నారు. ఆ బృందం 1804 చలికాలం తలదాచుకున్న ఫోర్ట్ మాండన్ కోట కాటన్‌వుడ్ దుంగలతో కట్టిందే. జలపాతాలు దాటాక 25, 33 అడుగుల పొడవున తొలిచిన రెండు దోనెలూ కాటన్‌వుడ్‌వే. తర్వాతి దశాబ్దాల్లో మిస్సోరి మీద తిరిగిన ఆవిరి పడవల కొలిమిల్లో కాలిందీ ఎక్కువగా ఆ కట్టెలే.

ఇప్పుడు బొమ్మలు చెక్కడానికి వాడే ఈ చెట్టు బెరడుకు అప్పుడున్న గిరాకీ గుర్రాల దగ్గర. మాండన్ తెగవాళ్లు చలికాలంలో గుర్రాలకు కాటన్‌వుడ్ కొమ్మలు, బెరడే మేతగా వేసేవారు. అలసిపోయి వచ్చిన గుర్రాలకు లూయిస్ తవుడు పెట్టించి చూస్తే అవి మూతి తిప్పుకుని బెరడుకే ఎగబడ్డాయి.

బొమ్మల సంగతికొస్తే, ఈ చెట్టుతో పాత అనుబంధం అరిజోనాలోని హోపీ తెగవాళ్లది. వాళ్లు చెక్కేది బెరడును కాదు, వేరును. కొండపల్లి వాళ్లకు తెల్ల పొణికి ఎలాగో, హోపీలకు ఎండిన కాటన్‌వుడ్ వేరు అలాగ. తేలిక, మెత్తన, కత్తికి ఎదురు తిరగదు. వానను, పంటను, ఆరోగ్యాన్ని తెచ్చే కచీనా దేవతల రూపాలను దాంతో చెక్కి, ఉత్సవాల్లో ఆడపిల్లలకు కానుకగా ఇస్తారు. పిల్లలు వాటిని ఇంట్లో గోడకు వేలాడదీసి, ఏ దేవత ఎవరో చూస్తూ నేర్చుకుంటారు. 19వ శతాబ్దం చివర్లో మ్యూజియాల వాళ్లు, రైలెక్కి వచ్చిన పర్యాటకులు వీటి మీద పడ్డారు. అరిజోనా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ చిన్నప్పటి నుంచి పోగేసిన బొమ్మల్లో 437ను 1964లో ఫీనిక్స్ నగరంలోని హెర్డ్ మ్యూజియానికి ఇచ్చేశాడు. సంతలో ఎంత ధర పలికినా హోపీలకు అది కాలక్షేపం కాదు, కొలుపులో భాగం.

కాలక్షేపంగా చెక్కడం వేరే దారిలో వచ్చింది. జేబులో చాకు, చేతిలో పుల్ల ఉంటే చాలు, అమెరికా పల్లె కుర్రాడికి పొద్దు గడిచిపోయేది. 1936లో టాంగర్‌మన్ రాసిన కొయ్య చెక్కడం పుస్తకం ఆ అలవాటుకు ఒక పద్ధతి నేర్పింది. 1953లో అభిరుచిగా చెక్కేవాళ్లకు జాతీయ సంఘమే ఏర్పడింది. వీళ్లు ఎక్కువగా పట్టేది మెత్తటి బాస్‌వుడ్. బెరడుతో ఆడుకోవడం ఇంకోచోట అంతకుముందే ఉంది. స్వీడన్, ఫిన్లాండ్ పిల్లలు పైన్ బెరడుతో చిన్న పడవలు చెక్కి వాగుల్లో వదిలేవారు.

చెక్కేవాళ్లకు కాటన్‌వుడ్ బెరడు నచ్చేది దాని మందం వల్ల. ముదురు చెట్టు మీద నాలుగైదు అంగుళాలు ఉంటుంది. పచ్చని చెట్టు బెరడు చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. అందుకే బెరడు చెక్కే పని తెలిసినవాళ్లు నిలువునా ఎండిన మానుల దగ్గరికో, పడిపోయిన దుంగల దగ్గరికో వెళ్తారు. అలాంటి చెట్టు మీద బెరడు తనంత తానే వదులై, గునపం మోపితే పలకలుగా ఊడి వస్తుంది.

పైన బూడిద రంగు, గరుకు. చాకుతో ఆ పొర తీసేస్తే లోపల ఎర్రటి గోధుమ రంగు బయటపడుతుంది. బెరడు మీద సహజంగా ఉండే నిలువు గట్టే ముసలివాడి ముక్కు అవుతుంది. దానికి రెండు పక్కలా లోతుగా తవ్వితే కళ్లు. ‘వి’ ఆకారపు ఉలితో కిందికి గీసుకుంటూ పోతే గడ్డం. అటవీ దేవతలనిపించే ఈ గడ్డాల ముసలివాళ్ల తర్వాత ఎక్కువ మోజు బొమ్మరిళ్ల మీద. వంకర మెట్లు, వాలిన కప్పు, వెనక నుంచి తొలిచేస్తే అవతలి వెలుగు కనిపించే కిటికీలు.

ఏళ్ల తరబడి పొర మీద పొర పేరుకున్నది కాబట్టి బెరడు ఆ పొరల వెంటే విడిపోతుంది. కత్తి ఏమాత్రం మొద్దుబారినా తెగదు, పొడిపొడిగా రాలుతుంది. విరిగిన మెట్టును సూపర్ గ్లూ చుక్కతో అతికించుకోవడం ఈ పనిలో మామూలే. గోధుమ రంగు దుమ్ము ముక్కులో చేరకుండా మాస్కు కట్టుకుంటారు. చివర్లో నూనె పట్టిస్తే పొరల చారలు ముదురు రంగులో తేలతాయి.

ఇంత మందాన బెరడు కట్టడానికి చెట్టు దశాబ్దాల పాటు బతకాలి. అసలు ఆ చెట్టు మొలవడానికి వరద రావాలి. కాటన్‌వుడ్ విత్తనానికి ఆయుష్షు కొన్ని వారాలే. గడ్డి కూడా లేని తడి ఒండ్రు మీద పడితేనే మొలుస్తుంది. ఆ తర్వాత నీరు నెమ్మదిగా తీయాలి. మట్టిలో తేమ రోజుకు రెండున్నర సెంటీమీటర్ల కన్నా వేగంగా కిందికి జారితే లేత వేరు దాన్ని అందుకోలేదు. వసంతంలో మంచు కరిగి పొంగే నదులు ఈ లెక్కను వాటంతట అవే పాటించేవి.

ఆనకట్టలు వచ్చాక అది తప్పింది. మిస్సోరి మీద 1940లో ఫోర్ట్ పెక్ ఆనకట్ట పూర్తయింది. 1953లో గారిసన్ ఆనకట్ట నదికి అడ్డం పడింది. దాని జలాశయం కింద మాండన్, హిదాత్సా, అరికారా తెగల ఎల్బోవుడ్స్ ఊరితో పాటు వాళ్ల నదీతీరపు కాటన్‌వుడ్ అడవీ మునిగిపోయింది. దిగువన మునగని చోట్ల పాత చెట్లు నిలిచాయి కానీ వాటి కింద కొత్తవి మొలవడం బాగా తగ్గిపోయింది. కెనడాలోని అల్బర్టాలో సెయింట్ మేరీ నది ఆనకట్ట 1951 నాటిది. దాని దిగువన 1961, 1981 మధ్య రెండు దశాబ్దాల్లోనే కాటన్‌వుడ్ అడవి దాదాపు సగానికి సగం తరిగిపోయిందని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవర్ట్ రూడ్ వైమానిక ఛాయాచిత్రాలు పోల్చి 1989లో చూపించాడు.

తర్వాత నీళ్లు వదిలే తీరు కొన్నిచోట్ల మారింది. నెవాడాలోని ట్రకీ నదిలో 1980ల్లో క్వీ-వీ అనే చేప గుడ్లు పెట్టడానికి వీలుగా వసంతంలో నీరు వదిలితే, ఎవరూ అనుకోని విధంగా ఒడ్డున కాటన్‌వుడ్ మొక్కలు లేచాయి. దక్షిణ అల్బర్టాలో 1995 వరద తర్వాత ప్రవాహాన్ని ఒక్కసారిగా కట్టేయకుండా మెల్లగా తగ్గించారు. అక్కడా గుంపులుగా మొలిచాయి. వాటికిప్పుడు సుమారు ముప్పయ్యేళ్లు. బొమ్మ చెక్కేంత బెరడు వాటికింకా కట్టలేదు. ప్రస్తుతం ఉలి కిందికి వస్తున్న మందపాటి పలకల్లో చాలా భాగం ఆనకట్టలకు ముందు వచ్చిన వరదల్లో మొలిచిన చెట్లవే కావచ్చు.