మా నాయనమ్మ పంతులమ్మగారు

మన డోర్నకలు అధ్యక్ష మండల చరిత్రను వ్రాయబూనినవారు తరచుగా 1912 డిసెంబరు 29వ తేదీతో ప్రారంభింతురు. ఆ దినమున కలకత్తా సెయింటు పాల్సు కథీడ్రలులో వేదనాయకము శామ్యూలు అజరయ్య తండ్రిగారు బిషపుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషపగుట అదియే మొదలు. అంతకు ముందు 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుట, వారి మిషనరీలు భాష తెలియని మన ప్రాంతమునకు వచ్చుట, 1909లో అజరయ్యగారు తామే డోర్నకలు చేరుట, ఇవన్నియు సండేస్కూలు పిల్లలు సైతము అప్పగించు సంగతులు. వాటిని మరల చెప్పి పాఠకుల ఓర్పును పరీక్షింపము. మేము వ్రాయదలచినది ఆ చరిత్రలో పేరు లేనివారిని గూర్చి.

మా పాస్టరేటులోని పాత రిజిస్టర్లు తీసి చూచితిమి. చెదలు తిన్నంత తినగా మిగిలిన పుటలలో గ్రామోపాధ్యాయుల పట్టిక యున్నది. ఉపాధ్యాయుని పేరు, ఊరి పేరు, జీతము, బడికి వచ్చు పిల్లల సంఖ్య అందు కలవు. అతని ఇల్లాలు మాత్రము "భార్య" అను ఒక్క మాటగా నున్నది. వేదాంత కళాశాలలో మేము చదివిన సంఘ చరిత్రలో ఆ ఒక్క మాటయు లేదు. అయితే ఆ "భార్య" లేనిచో ఆ బడి ఉండెడిది కాదని మేము నిస్సంకోచముగా చెప్పగలము. ఏలయన మేము అట్టి ఒక భార్యకు మనుమలము.

డోర్నకలులో ఉపదేశులకు శిక్షణ నిచ్చిన విధమును ఇచట కొంత తెలుపవలెను. పెండ్లియైన విద్యార్థులు ఒంటరిగా వచ్చెడివారు కారు. భార్యాబిడ్డలతో వచ్చి, అచ్చటనే కాపురముండి, చదువుతోపాటు సేద్యమును చేసెడివారు. స్త్రీలకును పాఠములుండెను. గ్రామములో ఉపదేశి ఇల్లు ఎట్లుండునో సంఘమును అట్లే యుండునని అజరయ్యగారి తలంపు. వారి సతీమణి అన్బు మరియమ్మాళ్ గారు స్వయముగా చదువుకొనినవారు, ఆరుగురు బిడ్డల తల్లి. తమిళదేశము విడిచి వచ్చి మన స్త్రీల మధ్య పనిచేసిన ఆ తల్లిని గూర్చియైనను మన సంచికలలో వ్రాసినది బహు కొద్ది.

మా నాయనమ్మ బోర్డింగు బడిలో చదువుకొను పిల్లగా నుండగా, 1939 జనవరి 6వ తేదీన, డోర్నకలు ఎపిఫనీ కథీడ్రలు ప్రతిష్ఠ జరిగెను. గుమ్మటములును, దేవాలయ స్తంభములను పోలిన స్తంభములును గల ఆ మందిరమును చూచుటకు వచ్చిన జనమును గూర్చి ఆమె ముసలితనమున కూడ చెప్పెడిది. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించుటకు కొంచెము ముందే ఆమె వివాహమైనది. ఆ మీదట ఇల్లందు రైలుమార్గమునకు ఆమడ దూరములోనున్న ఒక గ్రామమునకు తాతగారితో కాపురమునకు వెళ్లెను.

అచట బడియే గుడి. తాటాకు కప్పు, మట్టి గోడలు. ఆదివారము ఆరాధన, మిగిలిన దినములు అఆలు. అప్పుడు నిజాము ప్రభుత్వము. సర్కారు బడులలో ఉర్దూ ప్రధానము, మన పల్లెలవారికి ఆ బడులును దూరమే. తెలుగు అక్షరము దొరకునది ఈ పూరిపాకలోనే. పగటివేళ పిల్లలు దొరల పశువులు కాయుటకు పోవుదురు గనుక నాయనమ్మ ప్రొద్దుగూకిన పిమ్మట లాంతరు వెలిగించి రాత్రి బడి పెట్టెను. తాతగారు పెద్దపిల్లలకు లెక్కలు, ఆమె చిన్నవారికి అక్షరములు. జీతము తాతగారికే. స్వాతంత్ర్యానంతరము ట్రైనింగు పూర్తిచేయువరకు ఆమె చేసిన పనికి ఒక్క రూపాయియు లేదు.

ఒక సంగతి విశదముగా వ్రాయుదుము. ఆ ఊర మాలపల్లె, మాదిగపల్లె రెండును ఉండెను. ఉభయులును బాప్తిస్మము పొందినవారే, ఆదివారము ఒకే కప్పు క్రింద కూర్చుండువారే. కాని బడిలో నీళ్లకడవ వచ్చుసరికి తగవు వచ్చెను. తమ పిల్లలకు వేరే కడవ పెట్టనిచో పంపమని ఒక పల్లె పెద్దలు చెప్పిరి. తాతగారు రెండవ కడవ కొందమనిరి. హాజరు తగ్గినచో ఇన్‌స్పెక్షనులో మాట వచ్చును, గ్రాంటునకు ముప్పు. ఆయన భయమును తప్పుపట్టలేము. నాయనమ్మ ఒప్పుకొనలేదు. "కడవ ఒక్కటే ఉంటది. దూపైనోడు తాగుతడు, కానోడు తాగడు" అని చెప్పి, నీళ్లు తెచ్చు వంతు ఒకదినము ఈ పల్లె పిల్లలకు, మరునాడు ఆ పల్లె పిల్లలకు వేసెను. నెలదినములు బడిలో ఆరుగురే మిగిలిరి. ఎండలు ముదిరిన తరువాత ఒక్కొక్కరే తిరిగి వచ్చిరి. ముందు వచ్చినది మిక్కిలి పట్టుపట్టిన పెద్దమనిషి మనుమరాలేనట!

దీనితో ఆ ఊర భేదములు తీరిపోయెనని వ్రాసిన అబద్ధమగును. నేటికిని పాస్టరేటు కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏ పల్లెకు ఎన్ని ఓట్లని లెక్కించువారు మనలో కలరు. ఆ కడవ వద్ద ఆమె గెలిచినది ఒక్క బడిని మాత్రమే. అదియైనను ఆ దినములలో చిన్నది కాదు.

రజాకార్ల దినములలో అనేకులు సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు పోయిరి. చంటిబిడ్డతో నాయనమ్మ ఊరు విడువలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య వరకు ఇరుగుపొరుగువారి ఇత్తడి సామాను బడి నేలలో పాతిపెట్టబడి యుండెనని చెప్పెడిది, అంతకు మించి చెప్పెడిది కాదు. స్వతంత్ర భారతములో 1951 జనాభా లెక్కల నాటికి దేశములోని స్త్రీలలో నూటికి తొమ్మండుగురికి మించి చదువు రాదు. ఆ లెక్కను ముందుంచుకొని చూచిన, లాంతరు వెలుగున పేరు వ్రాయ నేర్చుకొనిన పశులకాపరి పిల్ల ఎంతటిదో తెలియును.

బడి గంటతో ఆమె పని ముగియలేదు. మశూచి టీకాలవారు వచ్చినచో తల్లులు పిల్లలను గాదెల వెనుక దాచెడివారు. ఆమె తన చేతి మచ్చ చూపి, తన బిడ్డలకు ముందు వేయించి, ఇంటింటికి తిరిగెడిది. బొగ్గుగనులకు పోయిన మగవారికి జాబులు, వారి మనియార్డరు ఫారములు ఆమెయే వ్రాయవలెను. కలరా వచ్చినప్పుడు నీరు కాచించుట, గంజి పోయుట ఆమె పనియే.

ఇక పిడికెడు బియ్యము. పూటపూటకు ఎసటిలో పోయుటకు ముందు ఒక పిడికిలి తీసి దేవుని కుండలో వేయు మన ఆచారము పాఠకులు ఎరిగినదే. మన ఉపదేశుల జీతములు, మన మందిరముల గోడలు చాల భాగము ఆ కుండలలోనుండి వచ్చినవని మా అభిప్రాయము. స్త్రీల మైత్రి తరపున నాయనమ్మ ఆ బియ్యమును శనివారము కొలిచి, మానికలు, సోలలు లెక్కగా పాత కాపీపుస్తకములో వ్రాసెడిది. ఆ పుస్తకము మా యొద్దనే యున్నది. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన పడిన పిమ్మట ఆ పుటలో "తుపాను వారికి" అని వ్రాసి, ఉన్నదంతయు ఇచ్చినట్లు కలదు. ఆ వారము గుడికి నిలువ సున్న.

మనుమలమైన మాకు ఆమె వేరొక బడి. సాయంకాలము చేటలో బియ్యము ఏరుచు మా చేత కీర్తనలు చదివించెడిది. ళకారము పలుకవలసినచోట లకారము పలికిన ఎవరినైనను, ఉపదేశినైనను, విడిచెడిది కాదు. మేము సేవకు పిలుపును మొదట చెప్పినది ఆమెకే. ఆమె సంతోషించి, వెంటనే "జీతం తక్కువుంటది, తెల్సా?" అని అడిగెను. మేము కళాశాలలో చదువుచుండగా ఆమె ప్రభువునందు నిద్రించెను. రెండు పల్లెలవారును సమాధి త్రవ్విరి.

మన అజరయ్యగారి మండలములో ఒకప్పుడు భాగమైన నంద్యాలలో, 2013లో, రైట్ రెవరెండు ఎగ్గోని పుష్పలలిత అమ్మగారు బిషపుగా అభిషేకము పొందిరి. దక్షిణ ఇండియా సంఘములో స్త్రీ బిషపగుట అదియే మొదలు. ఆ వార్త విన్న దినమున మాకు ఆ పాత రిజిస్టరు, అందులోని "భార్య" అను మాట జ్ఞాపకము వచ్చెను. నాటినుండి మా పాస్టరేటులోని వృద్ధులను అడిగి, ఆ పట్టికలోని ఒక్కొక్క "భార్య" ప్రక్కన పెన్సిలుతో పేరు వ్రాయుచున్నాము. ఇంతవరకు పదునొకండు పేర్లు దొరికినవి. వానిలో నాలుగింటికి ఇంటిపేరు చెప్పువారు లేరు. ఈ సంచిక చదువు వారిలో ఎవరి ఇంటనైనను అట్టి నాయనమ్మ, అమ్మమ్మ యుండినచో, పేరు, పనిచేసిన ఊళ్లు వ్రాసి తమ పాస్టరుగారికి అందజేయ కోరుచున్నాము. త్వరగా ఇచ్చిన మేలు. మా రిజిస్టరులో మరి ఆరు పుటలకు చెదలు పట్టినది.