యాత్రికుని సాక్ష్యము

ఫిల్మ్ నగరునకు సమీపమున షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి యొకటి నేటికిని నిలిచియున్నది. గోలకొండకు వచ్చిపోవు బాటసారులు దిగుటకును, వారి గుఱ్ఱములను కట్టుటకును నిర్మించిన సత్రమది. దానికి కొలది దూరముననే సినిమావారి మేడలును, స్టూడియోలును, ధరలపట్టిక చూచినంతనే నా వంటివానికి ఆకలి చల్లారునట్టి భోజనశాలలును వెలసినవి. ఈ ప్రాంతమున నేను చాలకాలముగా ఉపాధ్యాయుడను. ఏటేట పిల్లలను ఆ సరాయికి గొనిపోయి చూపుట నాకు అలవాటు.

కడచిన చలికాలమున నా పూర్వశిష్యుడొకడు నన్ను చూడవచ్చెను. అతడిప్పుడు దేశములు తిరిగి, హోటళ్లలో బసచేసి, అచ్చటి భోజనములను, ద్రాక్షాసవములను రుచిచూచి, ఆంగ్లపత్రికలకు వ్యాసములు వ్రాసి జీవించుచున్నాడు. కుశలప్రశ్నలైన పిదప అతడు కొంత సంకోచముతో, “మాస్టారూ, నేను చేసే పనేమిటో మా నాయనమ్మకు చెప్పలేకపోతున్నాను. తిరిగి, తాగి, రాసేవాడని ఊళ్లో అనుకుంటున్నారట. మా వృత్తికి మన చరిత్రలో పూర్వులెవరైనా ఉన్నారా?” అని అడిగెను. నేను నవ్వి, “ఉన్నారు నాయనా, కాని వాళ్లను గురించి చెబితే నీకు సంతోషం కలుగుతుందో లేదో” అంటిని. నాడు చెప్పలేక మిగిలినదానిని ఇచ్చట వ్రాయుచున్నాను. ప్రశ్న అతనిదే యైనను, ఉత్తరము చదువరులకందరకును సంబంధించినదని నా తలంపు.

తిరుగుటయు త్రాగుటయు మన పూర్వులకు జంటగా అనుమానాస్పదములు. మనుస్మృతి మూడవ అధ్యాయమున శ్రాద్ధపంక్తికి పనికిరానివారి పట్టిక యొకటి కలదు. అందులో సముద్రయానము చేసినవాడు ఒక శ్లోకమునను, మద్యపుడు దాని తరువాతి శ్లోకముననే కూర్చుండియున్నారు. ఈ తలంపు గ్రంథములలోనే నిలిచిపోలేదనుటకు పరదేశి యొకడు సాక్షి. పదమూడవ శతాబ్దాంతమున మన తూర్పుతీరమునకు వచ్చి, మోటుపల్లి వజ్రములను, సన్నని వస్త్రములను కొనియాడిన మార్కోపోలో, దక్షిణమున మాబరు దేశమును గూర్చి వ్రాయుచు, అచ్చటివారు మద్యము త్రాగువానిని గాని, ఓడనెక్కి సముద్రముమీద తిరుగువానిని గాని సాక్షిగా అంగీకరింపరని చెప్పెను. ప్రాణముపై ఆశ వదలుకొన్నవాడే సముద్రమెక్కునని వారి వాదమట. విచిత్రమేమనగా, మనము తిరుగుబోతు మాట నమ్మరాదను సంగతిని సైతము ఒక తిరుగుబోతు వ్రాసియుంచుటచేతనే తెలిసికొనుచున్నాము!

కాని శాస్త్రకారులందరును కన్నులు మూసికొని కూర్చుండలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని కొఱకు ఒక ప్రకరణమునే కేటాయించెను. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానీయములను విభజించి, ద్రాక్షరసముతో నైనదానికి మధువని పేరిడి, అది పుట్టిన దేశమునుబట్టి కాపిశాయనమనియు హారహూరకమనియు వ్యవహరింపబడునని తెలిపెను. కాపిశి నేటి ఆఫ్గనిస్థానములోనిది. ద్రాక్షాసవమును ఊరిపేరుతో పిలుచు ఆచారము ఫ్రెంచివారిదే యని తలంచు నా శిష్యునికి ఈ మాట చెప్పినప్పుడు అతని ముఖము వికసించినది. అయితే ఆ ప్రకరణములోనే మరియొక విధి కలదు. పానశాలలలో పడకలు, ఆసనములు అమర్చవలెను. గూఢచారులు అచ్చట నుండి, స్థానికులును పరదేశులును ఎంత వ్యయము చేయుచున్నారో కనిపెట్టవలెను. రాజు పానశాలను నమ్మలేదు, బాటసారిని నమ్మలేదు. ఆ ఇరువురివలన వచ్చు ఆదాయమును మాత్రము వదలుకొనలేదు.

ఇక మన తెలుగున తిరిగి, తిని, చూచి వ్రాయుట ఎన్నడు మొదలైనదని అడిగినచో, నేను క్రీడాభిరామమును చూపుదును. వినుకొండ వల్లభరాయని పేర నున్న ఈ గ్రంథము శ్రీనాథునిదే యని వాదించువారును కలరు. ఇద్దరు స్నేహితులు ఓరుగంటి వీధులలో ఒక దినమెల్ల తిరిగి చూచిన వింతలే అందలి కథ. కోడిపందెములు, పొట్టేళ్ల పోరు మొదలగు వేడుకలతోపాటు పూటకూటింటి భోజనమును, దాని వెలయగు రూకను సైతము కవి విడువలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాయుటకు పూనుకొన్నప్పుడు, శాసనములు చెప్పని సంగతులకు ఇట్టి కావ్యములనే ఆశ్రయించిరి. వినోదమునకు వ్రాసిన మాట వందల యేండ్ల తరువాత సాక్ష్యమైనది. ఎందుచేత? వస్తువును పొగడుటతో ఆగక, దాని వెలను గూడ చెప్పుటచేత.

ఇప్పుడు షేక్‌పేట సరాయి దారికి వత్తము. పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన పరదేశులలో ఇరువురు ఫ్రెంచివారిని తలపవలెను. తెవెనో 1666-67లో ఈ రాజ్యమును చూచి, ఇచ్చట ద్రాక్షతోటలు మెండనియు, జనవరి నుండియే పండ్లు పక్వమగుననియు, వానితో తెల్లని ఆసవమును చేయుదురనియు వ్రాసెను. తరువాతి కాలమున, 1890 ప్రాంతమున, అనాబ్‌-ఎ-షాహీ అను తినెడి ద్రాక్ష హైదరాబాదునకు వచ్చి పేరొందెను. నగరము చుట్టునున్న ఆ తోటలలో పెక్కింటిని నేడు ఇండ్లస్థలములు మ్రింగినవి.

రెండవవాడు టావెర్నియర్. ఇతడు రత్నవర్తకుడు, కొల్లూరు గనులను కన్నులార చూచినవాడు, ఇతని యాత్రాగ్రంథము 1676లో వెలువడెను. గోలకొండ నగరమును వర్ణించుచు ఇతడు కల్లును గూర్చి వ్రాసిన భాగమును చదివినప్పుడెల్ల నేను కొంతసేపు మౌనము వహింతును. అయిదారు కోసుల దూరము నుండి తోలుతిత్తులలో కల్లు నింపి, గుఱ్ఱమునకు ఇరుప్రక్కల వ్రేలగట్టి, దినమునకు అయిదారువందల గుఱ్ఱములను నగరములోనికి తోలుచుండిరట. ఆ కల్లుపై పన్నువలన సుల్తానునకు గొప్ప రాబడి. నగరములో వేశ్యలు ఇరువది వేలకు మించియుండిరనియు, వారిని అంతమందిని ఉండనిచ్చుటకు ముఖ్యకారణము వారివలన కల్లు విశేషముగా అమ్ముడుపోవుటయే యనియు, అందులకే కల్లు దుకాణములు వారి యిండ్లకు చేరువనే యుండెననియు అతడు చెప్పుచున్నాడు.

ఇరువది వేలను సంఖ్యలో అతిశయోక్తి యుండవచ్చును. పరదేశి చెవికి సోకిన మాట సగము, ఊహ సగము కావచ్చును. కాని అతడు పట్టుకొన్న సూత్రము గట్టిది: ఖజానా నిండుటకు త్రాగుడు కావలెను, త్రాగుడు పెరుగుటకు దిక్కులేని స్త్రీల బ్రతుకు కావలెను. గోలకొండను వజ్రములతో పోల్చి పొగడినవారు పెక్కుమంది. వజ్రములను అమ్ముకొని బ్రతికిన ఈ వర్తకుడు మాత్రము కల్లుతిత్తులను గూడ లెక్కింపగలిగెను. అతడు పుణ్యపురుషుడని నేననను. ఈ ఒక్క విషయమున అతనికి దాచవలసినది లేదు; కావున చూచినది చెప్పెను.

దాచవలసినది లేనివాడు మనలోను ఒకడుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషి. సాక్షులు చెప్పినదానిని, కూడిక తీసివేతలు లేక, న్యాయాధిపతులకు తెలుపుటయే ఆయన వృత్తి. 1830 మే 18న బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. మజిలీ మజిలీకి నీటివసతి యెట్టిది, సరకులు దొరకునా, బాట మంచిదా, సుంకము ఎచ్చట పట్టుదురు అను సంగతులను ఆయన శ్రద్ధతో వ్రాసికొనెను. ఆయన 1836లో గతించిన పిమ్మట, 1838లో ఆయన మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ల ఆ గ్రంథమును అచ్చువేయించెను. అదియే కాశీయాత్ర చరిత్ర. తన ఖర్చుతో తాను తిరిగినవాడగుటచేత, ఏ సత్రమును పొగడవలసిన పని ఆయనకు లేకుండెను.

ఆ యాత్రకును ఆ గ్రంథముద్రణకును నడుమనే, 1833లో, ఇంగ్లండున సైరస్ రెడ్డింగను పత్రికారచయిత నాటి ద్రాక్షాసవముల చరిత్రను ప్రకటించెను. ఆంగ్లమున ఆసవములను గూర్చిన రచనకు అతడు మార్గదర్శి. అతడు ఫ్రాన్సులో నివసించి తోటలు తిరిగి తెలిసికొన్న సంగతులతో, లండను వర్తకులు చేయు కల్తీని ఖండించెను. కావున నా శిష్యుని వృత్తికి పుట్టుకలో కళంకము లేదు. మోసపోవు కొనుగోలుదారుని పక్షమున సాక్ష్యమిచ్చుటకే అది పుట్టినది.

కళంకమెచ్చట వచ్చినది? నా శిష్యుడు దాపరికము లేక చెప్పిన మాట ఇది. అతనికి విమానపు టికెట్టు హోటలువారే కొనిపెట్టుదురు. గది వారిదే, భోజనము వారిదే, పాత్రలో పోసిన ఆసవమును వారిదే. ఉప్పు తిన్నయింటి నీళ్లు చప్పనివని ఎట్లు వ్రాయును? దీనికి తోడు, మన దేశమున టెలివిజనులో మద్యమును ప్రకటించుట నిషిద్ధము. అందుచేత మద్యపు పేర్లతోనే సోడాలను, నీళ్లను ప్రకటించుకొనుచున్నారు. ప్రకటన చేయరానిచోట వ్యాసము ప్రకటన చేయును. వ్యాసకర్తకు జీతమీయనక్కరలేదు, విందు చాలును.

ఈ మాటలు వ్రాయుటకు నాకు అధికారమున్నదా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. కొన్నియేండ్ల క్రిందట యాత్రలు నడుపు సంస్థ యొకటి నన్ను ఉచితముగా తీర్థయాత్రకు గొనిపోయినది. దారిలో రెండుపూటలు పాచిన అన్నము పెట్టిరి. ఒక వృద్ధురాలికి జబ్బు చేసినది. తిరిగివచ్చి నేను వ్రాసిన వ్యాసమున గోపురములున్నవి, సూర్యోదయమున్నది. పాచిన అన్నము లేదు. మద్యము ముట్టనివాడను గదా యని నేను గర్వించుటకు వీలులేదు. ఆ దినమున నేను అమ్ముడుపోయిన వెల ఒక బస్సు టికెట్టు.

మాట యొకటి సత్యముగా పడినచో ఏమి చేయగలదో మనము కన్నులార చూచితిమి. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు, ఊరి ఆడవారు కూడి సారాదుకాణమును మూయించిన కథను వయోజన వాచకమున చదివిరి. చదివి ఊరకుండక, తమ యూరి దుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో, వెండితెర వేల్పుగా వెలసి ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారు సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చిరి. 1997లో అది సడలింపబడినది. దొంగసరకును అరికట్టలేకపోవుట, రాబడి తగ్గుట కారణములుగ చెప్పబడినవి. మూడువందల యేబదియేండ్ల తరువాతను సుల్తానుల నాటి లెక్కయే! మద్యనిషేధమునకు ప్రయత్నింపుమని ప్రభుత్వమునకు చెప్పు రాజ్యాంగపు 47వ అధికరణము పుస్తకమున నున్నది. 2023లో తెలంగాణమున 2,620 మద్యదుకాణములకు చీట్లు తీసి అనుమతులిచ్చిరి. ఆ దుకాణములపై ‘వైన్స్’ అని వ్రాసియుండును; లోపల అమ్ముడగునది మాత్రము చాలవరకు విస్కీ, బ్రాందీ, బీరు. పలక మీది మాట కూడ సాక్ష్యము తప్పినది.

ఆ వాచకమున పాఠము వ్రాసినవారును రచయితలే. ద్రాక్షాసవపు సువాసనను వర్ణించువాడును రచయితయే. రెండవవానిని పంక్తి నుండి లేవగొట్టుమని నేననను. తిరుగుట పాపము కాదు. రుచి తెలియుటయు పాపము కాదు. చరకుడు ఎనుబదినాలుగు ఆసవములను పేర్కొనెను; అతనిని ఎవరును త్రాగుబోతనలేదు. నేను కోరునది వేరు. యాత్రికుడు మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను: నా ఖర్చు ఎవరు పెట్టుకొనిరి? దీని వెల యెంత? ఆ వెలలో చేరని మూల్యమును ఎవరు చెల్లించుచున్నారు? చెట్టెక్కి జారిపడిన గీతకార్మికుడా, తోటలో కూలివాడా, కూలిడబ్బులు ఇంటికి రాక ఎదురుచూచు ఇల్లాలా? మొదటి రెండింటికి క్రీడాభిరామకర్తయు, వీరాస్వామయ్యయు తోడ్పడుదురు. మూడవదానికి, పరదేశియైనను, టావెర్నియర్ దారి చూపును.

ఈ మాటలన్నియు వినిన పిదప నా శిష్యుడు తన తరువాతి వ్యాసము చివర, తన ప్రయాణపు ఖర్చును హోటలువారు భరించిరని ఒక్క వాక్యము చేర్చెను. పత్రికలో వ్యాసమంతయు అచ్చైనది. ఆ వాక్యము తప్ప. ఆ పత్రికను చేతబట్టుకొని మొన్న అతడు మరల వచ్చెను. “ఇప్పుడేం చేయమంటారు మాస్టారూ?” అని అడిగెను. ఇద్దరమును సరాయి దాక నడచితిమి. పాచిన అన్నపు సంగతిని నేనింతవరకు ఎచ్చటను అచ్చున చెప్పలేదని అతనితో అంటిని. నా వంతు ఈ వ్యాసమున తీరినది. అతడు ఆ వాక్యమును వచ్చు నెల వ్యాసమున మరల వ్రాసెదననియు, ఈసారి దానిని మొదటనే పెట్టెదననియు చెప్పి వెళ్లెను.