ఇప్పపువ్వు: పేరు దక్కని మధువు

ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని మధువన్న కౌటిల్యుడు, పుట్టిన చోటును బట్టి దానికి కాపిశాయనం, హారహూరకం అన్న పేర్లు కూడా చెప్పినాడు. ఇటలీలో బరోలో మద్యానిది నేటికీ ఊరి పేరే. అక్కడి చిన్న తోటల కుటుంబాలు కొన్ని, పండుతొక్కను అంటివచ్చిన కిణ్వంతోనే రసాన్ని పులియనిస్తాయి. పారసీకుల ద్రాక్షాపాత్ర సైతం దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'తో తెలుగువారి సొంతమైనది.

భిలాయి పరిసరాల మధువు వేరు. అక్కడ ద్రాక్షకు బదులు మధూకం, ఛత్తీస్‌గఢీలో మహువా. 1955 నాటి భారత-సోవియట్ ఒప్పందంతో ఉక్కు కర్మాగారం వెలసి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. పనికై వలస వెళ్ళిన శ్రీకాకుళం, విశాఖ సీమలవారికి ఆ చెట్టు కొత్తది కాదు. తమిళుల ఇలుప్పైకి తోబుట్టువైన 'ఇప్ప' అన్న మాట వారి నోటనే ఉన్నది.

చైత్రంలో తెల్లవారకముందు రాలిన పూలను స్త్రీలు ఏరి, ఎండబెట్టి దాస్తారు. కుండలో నానబెట్టి, పులిసిన పిమ్మట బట్టీ పెట్టి దించుతారు గనుక అది ఆసవం కాదు, సారాయే. కాని ఆ పువ్వు కరవునాటి కూడు కూడాను. దొరతనానికి ఆ సంగతి పట్టలేదు. 1892 నాటి బొంబాయి మౌరా చట్టం సారాను విడిచి పువ్వు మీదనే ఆంక్ష పెట్టినది.

నేటి ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులకు ఇంటివాడుకకు మితంగా కాచుకొనే మినహాయింపు ఉన్నది. అమ్ముకొనడానికి అది వర్తించదు. అందుచేత ఆ ఇంటి సారాకు సీసా లేదు, చీటీ లేదు, ఊరి పేరూ లేదు.