దృశ్య ప్రోగ్రామింగ్‌లో వీడియో కృతుల బదిలీ: మూలపాఠ సమస్య

19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులచేత తాళపత్ర కావ్యాలకు కాగితంపై నకళ్లు రాయించి, పాఠాంతరాలు పరిష్కరింపజేశాడు. మాధ్యమం మారినా పాఠం నిలిచింది. కంప్యూటర్‌పై నిర్మించిన వీడియో కళాకృతికి ఆ సౌలభ్యం లేదు.

మిల్లర్ పకెట్ 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మాక్స్‌ను, 1990లలో ప్యూర్ డేటాను రూపొందించాడు. తెరపై పెట్టెలను గీతలతో కలపడమే రెండింటిలోనూ రచనా విధానం. వీడియో విషయంలో మాత్రం దారులు వేరు. మాక్స్‌కు అనుబంధమైన జిట్టర్ చిత్రాన్ని సంఖ్యల మాత్రికగా గ్రహిస్తుంది. ప్యూర్ డేటా కోసం మార్క్ డాంక్స్ రాసిన జెమ్, ఓపెన్‌జీఎల్ ఆధారంగా ప్రతి ఫ్రేమునూ వరుస ఆజ్ఞలతో చిత్రిస్తుంది. అందువల్ల పెట్టెకు బదులు పెట్టె పెడితే బదిలీ పూర్తికాదు. కృతిని మళ్లీ నిర్మించాలి. ఏ సంకేతానికి ఏ దృశ్యం ఎలా మారాలో తెలిపే లిఖిత వివరణే అప్పుడు మూలపాఠమవుతుంది. అది లేకపోతే సాఫ్ట్‌వేర్‌తోపాటే కృతీ నశిస్తుంది.